బొంత కుట్టు ఎటు వంగాలి

ఆదివారం ఉదయం పదిన్నరకు సురేష్ నడుము కింద చర్మం చిట్లి పుండు పడిన సంగతి తెలిసింది.

చూసినవాడు దేవసహాయం. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వారానికి మూడుసార్లు వచ్చి సురేష్ కాళ్లకు వ్యాయామం చేయిస్తాడు. ఆ రోజు సురేష్‌ను పక్కకు తిప్పి, వీపు తుడవబోయి ఆగాడు.

"జ్యోతమ్మా, ఒకసారి ఇట్ల రా," అన్నాడు.

నాగజ్యోతి కుట్టుమిషను ఆపి లేచింది. ఆమె కంటే ముందు ఆమె అత్త పద్మమ్మ మంచం దగ్గరికి చేరింది. పద్మమ్మ ఆ పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాలకు వచ్చింది. సంచిలోంచి జొన్నరొట్టెలు ఇంకా తీయలేదు.

పుండు రూపాయి బిళ్లంత ఉంది. చుట్టూ కంది ఉంది.

"అనుకుంటి," అంది పద్మమ్మ. "తిప్పకుంటే పుండు కాక పూలు పూస్తాయా? మొగుడు మంచంలో, పెండ్లాము మిషను మీద. పొద్దస్తమానం టకటకా టకటకా. ఊరోళ్ల రయికలు కుట్టేకి చేతులుండాయి, మొగుణ్ణి తిప్పేకి మాత్రం ల్యావు."

దేవసహాయం దూది కోసం వెతుకుతున్నట్టు సంచిలోకి తల దూర్చాడు.

"అది తిప్పుతానే ఉందిమా," అన్నాడు సురేష్, గోడవైపు మొహం పెట్టుకుని. "పెనం మీద దోసెను తిప్పినట్ల తిప్పుతాంది నన్ను."

"నువ్వు నోర్ముయ్యి. నడుము కింద నీకు ఒంటి తెలివే లేదు, తిప్పిందీ తిప్పందీ నీకేం తెల్సు?"

ఆ మాట అనేసి పద్మమ్మ రొట్టెల సంచీ తీసుకుని వంటింట్లోకి పోయింది.

జనవరిలో బేతంచెర్లలో బండలు లారీకెత్తుతుండగా ఒక బండ జారి సురేష్ నడుము మీద పడింది. అప్పటి నుంచి మంచమే. కుడికాలి బొటనవేలు కదులుతోంది. కూర్చోగలడని డాక్టరు అన్నాడు, ఎప్పటికని అనలేదు. పుండు మాత్రం పడనీయవద్దని అన్నాడు. పుండులో చీము పడితే కాళ్ల సంగతి పక్కనపెట్టి ప్రాణం సంగతి చూసుకోవలసి వస్తుందన్నాడు. రెండు గంటలకొకసారి తిప్పమన్నాడు. నాగజ్యోతి ఫోనులో అలారం పెట్టుకుంది. నెల తిరిగేసరికి అలారం మోగకముందే లేచే అలవాటైంది. రవికెకు కాజా కుడుతూ సగంలో సూది వదిలి లేచేది. ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పలేదని చూసినవాళ్లు లేరు, అంతే.

శుక్రవారం వీపు మీద ఎర్రగా గీత కనబడితే చెమటపొక్కు అనుకుని పౌడరు చల్లింది. తప్పంటే అదొక్కటి.

మధ్యాహ్నం బస్సుకు పద్మమ్మ వెళ్లిపోయింది. సాయంత్రం ఎదురింటి మణెమ్మ గడప దగ్గర నిలబడింది.

"ఏందమ్మే, పుండు పడేదాకా చూస్కోకుంటివంట?"

"ఎవరు చెప్పినారక్కా?"

"మీ అత్తే. బస్సుకు పోతా పోతా చెప్పిపాయ. పాపం ఏడ్చింది."

నాగజ్యోతి తలుపు వేసింది. గడియ రెండోసారికి పడింది.

సోమవారం పొద్దున ఒళ్లు తుడవడానికి సురేష్‌ను తిప్పినప్పుడు ఆమె వీపును కిటికీ వెలుతురులో చూసింది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. రెండూ కలిసినచోట పుండు. పదేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న మనిషి ఆమె. చెమటపొక్కు అంత తిన్నగా గీత గీయదని ఆమెకు తెలుసు.

పరుపు మీద పరిచి ఉన్నది పద్మమ్మ కుట్టి పంపిన బొంత. పరుపుకు రెక్సిన్ కవరు. ఎండాకాలం దాని మీద పడుకుంటే వీపు చెమటలో నానుతుంది. పాత నూలుగుడ్డ పైన పరిస్తే మంచిదని దేవసహాయమే అన్నాడు. మూడు వారాల కిందట బొంత వచ్చింది. సురేష్ దాని మీద తప్ప పడుకోనన్నాడు.

నాగజ్యోతి సుద్దముక్క తెచ్చి, సురేష్ నడుము ఉన్నచోట బొంత మీద రెండు పక్కలా గీత పెట్టింది. అతన్ని మంచం అంచుకు జరిపింది. రెండు గీతల నడుమ అరచేయి పెట్టి రాసింది. లోపల నాలుగు ముక్కలు కలిసే మూల సరిగ్గా అక్కడే ఉంది. చేతికి ముడిలా తగిలింది.

"ఏం వెతుకుతాండావ్?" అన్నాడు సురేష్. "నా నడుము యాడికీ పోలే, ఈడనే ఉంది."

"ఉండు."

బొంతను మంచం మీంచి లాగి నేల మీద పరిచింది. బ్లేడుతో అడుగు గుడ్డ కుట్టు తెంచి లోపలికి చూసింది. రెండు ముక్కలు కలిపి కుడితే లోపలి వైపు అర వేలి వెడల్పున అంచులు మిగులుతాయి. వాటిని రెండు పక్కలకూ విడదీసి అణచవచ్చు, అప్పుడు కుట్టు పలచగా పడుకుంటుంది. రెంటినీ ఒక పక్కకే మడిచి అణచవచ్చు, అప్పుడు ఆ పక్క మూడు పొరల గట్టు లేస్తుంది. పద్మమ్మ అన్నిటినీ ఒక పక్కకే మడిచింది. మూల దగ్గర నాలుగు ముక్కల అంచులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అది చీరగుడ్డ అయినా కొంత అణిగేది. పైన కప్పినదే చీరగుడ్డ, లోపల జోడించినది కాదు. జీన్సు ప్యాంటు గుడ్డ.

సురేష్ పనికి తొడుక్కునే నీలం ప్యాంట్లు. ఆళ్లగడ్డలో ట్రంకు పెట్టెలో పెట్టి వచ్చినవి. జేబు విప్పిన చోట గుడ్డ ఇంకా ముదురు రంగులో ఉంది.

"ఏముంది లోపల?" అన్నాడు సురేష్.

"మీయమ్మ పనితనం ఉంది," అంది.

పరుపు మీద పాత దుప్పటి పరిచి, మణెమ్మను మంచం పక్కన కూర్చోబెట్టి, తిప్పవలసిన వేళలు చెప్పి, బొంతను గోనెసంచిలో కుక్కి బస్సెక్కింది. ఆళ్లగడ్డ చేరేదాకా సంచీ ఒళ్లోనే పెట్టుకుంది. కండక్టరు కింద పెట్టుకోమన్నా వినలేదు.

పద్మమ్మ నడవలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"వాణ్ణి ఎవరికి వదిలిపెట్టి వస్తివి?"

"నువ్వు ఎవరికి చాడీలు చెప్పినావో ఆమెకే వదిలిపెట్టి వస్తి." నాగజ్యోతి బొంతను నాపబండల నేల మీద పరిచింది. "అత్తా, దీని మీద పండుకో."

"ఏందీ?"

"పండుకో. ఈ ముడి నీ నడుము కిందికి రావల్ల. మూడు వారాలు వద్దులే. చింతపండు నేను తీస్తా, అది అయ్యేదాకా పండుకో."

"పిచ్చిగాని పట్టిందా నీకు? నా బొంతలో ముడి యాడిది? మా యమ్మ కాడ్నించి మేం బొంతలు కుడతాండాం. మూడు కాన్పులు ఆ బొంతల మీదనే అయినాయి నాకు. ఎవురికీ పుండు పడలే."

"వాళ్లకు దొర్లేకి నడుముండె. పండుకో."

పద్మమ్మ పడుకుంది, కోడలి మాట అబద్ధమని తేల్చడానికే. పడుకుని దూలాలు చూసింది. నాగజ్యోతి గింజలు తీయసాగింది. పద్మమ్మ ఒకసారి పక్కకు జరగబోయింది.

"జరగొద్దత్తా. నీ కొడుకు జరగలేడు."

చింతపండు సగం కూడా కాకముందే పద్మమ్మ లేచి కూర్చుంది. "ఏమీ లేదు," అంది. అంటూనే చేయి వెనక్కి పోయి నడుమును పట్టుకుంది. నాగజ్యోతి వెళ్లి నడుము దగ్గర చీర జరిపి చూసింది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత.

"ఫోటో తీసి చూపియ్యల్నా?"

పద్మమ్మ చీర సర్దుకుంది. అప్పుడు అంది: "విడదీస్తే నిలవదే. దారమొక్కటే పట్టుకోనుంటాది. ఒక పక్కకు మడిస్తే గుడ్డను గుడ్డ పట్టుకుంటాది. దినాం ఉతికే బొంత అది. నాలుగు ఉతుకులకు నోరు తెరుస్తాది. రయికలు కుట్టేదానివి, బొంత సంగతి నీకేం ఎరుక?"

"నోరు తెరిస్తే మళ్ల కుడతా. నీ కొడుకు తోలు నోరు తెరిచింది, దాన్ని యాడ కుట్టల్ల?"

పద్మమ్మ చింతపండు తన వైపు లాక్కుంది.

"ప్యాంట్లు యాల కోసినావ్?"

"గట్టిగుడ్డని కోస్తి. పెట్టెలో ఊరికే ఉండాయి."

"నీ కొడుకు లేస్తే తొడుక్కునేకి ఉండాయి. లేవడని నువ్వే తేల్చినావా? డాక్టరు తేల్చలే. నేను తేల్చలే. కత్తెర పట్టుకోని నువ్వు తేల్చినావ్. మళ్ల నేను తిప్పలేదంట!"

"నా కొడుకు లేవకూడదని నేనంటానా?" పద్మమ్మ గొంతు పెంచింది. "ఎంత మాటంటాండావ్!"

"నువ్వన్న దాంట్లో సగం కూడా అనలే."

పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏం పద్మక్కా?" అంది.

"ఏమీ లే. బొంత విప్పుతాండాం," అంది పద్మమ్మ.

నిజంగానే విప్పారు. నాగజ్యోతి బ్లేడు పట్టింది, పద్మమ్మ దారాలు పీకింది. వీపు ఆనే నడిమి భాగంలో ప్యాంటు ముక్కలన్నీ తీసేశారు. పద్మమ్మ లోపలికి పోయి తన నూలుచీర ఒకటి తెచ్చి, అడగకుండానే చించింది. కొత్త ముక్కలు జోడించేటప్పుడు మళ్లీ తగాదా వచ్చింది. అంచులు విడదీయాలని ఒకరు, విడదీస్తే రెండు పక్కలా పైనుంచి కుట్టు వేయకుండా ఒప్పుకోనని ఒకరు.

"వెయ్యి. కానీ దారం ముడి కొనల్లో పడల్ల, నడుమ పడితే ఒప్పుకోను," అంది నాగజ్యోతి.

"నాకు నేర్పియ్యొద్దు."

"నేర్పియ్యకనే కదా ఇంత దూరం వచ్చింది."

అంచులు అణచడానికి ఇస్త్రీపెట్టె పెట్టబోతే కరెంటు పోయింది. పద్మమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, చెంగుతో అంచు పట్టుకుంది. నాగజ్యోతి రెండు గోళ్లతో అంచులు విడదీస్తూ ముందు నడిచింది, పద్మమ్మ ఆ వెనకే చెంబు జరిపింది. ఒకచోట అంచు మళ్లీ ఒక పక్కకు వాలింది. నాగజ్యోతి చెంబుకు అడ్డంగా చేయి పెట్టింది.

"కాల్తాది, తియ్యి," అంది పద్మమ్మ.

"అది విడదీసినాకనే తీస్తా."

పొరల మీద పొర పరిచి, నడిమి భాగం చేత్తో కుట్టి ముగించేసరికి పొద్దు వాలింది. నాగజ్యోతి బొంతను మోకాళ్ల మీద వేసుకుని అరచేత్తో మూల నుంచి మూలకు రాసింది. తర్వాత అత్త చేయి పట్టుకుని అదే చోట రాయించింది. పద్మమ్మ చేయి లాక్కుంది.

గడప దాటుతూ నాగజ్యోతి ఆగింది.

"మణెమ్మక్కకు నువ్వే ఫోన్ చేసి చెప్పు. నేను తిప్పలేదని చెప్పిన నోటితోనే చెప్పు."

"చెప్పేకి ఏముంది? ఇంట్లో మాట ఇంట్లో ఉండల్ల."

"ఆదివారం యాడుండె ఆ మాట?"

పద్మమ్మ నిప్పులు ఆర్పడానికి చెంబు తీసుకుని పెరట్లోకి పోయింది.

ఆ రాత్రి నాగజ్యోతి, మణెమ్మ కలిసి సురేష్‌ను మళ్లీ బొంత మీదికి మార్చారు. నడుమ కొత్త చీరముక్క చూసి, "ఇది మాయమ్మ చీర కదా, బలవంతంగా లాక్కొస్తివా?" అన్నాడు. నాగజ్యోతి అలారం పెట్టుకుంది.

బుధవారం ఉదయం దేవసహాయం వచ్చి దూది తీసి చూశాడు. పుండు పెరగలేదు. అంచుల్లో చీము లేదు. వీపు మీద గీతలు లేవు. బొంత అప్పటికి రెండుసార్లు ఉతికారు, కుట్లు నిలిచాయి. పద్మమ్మ ఫోన్ చేసి దేవసహాయంతో మాట్లాడింది, కొడుకుతో మాట్లాడింది. బుధవారం సాయంత్రానికి మణెమ్మకు ఫోన్ రాలేదు.