బతికున్న చిరుతలకు శోకం

మా లోయలో ఎవరు పోయినా శోకం పాడేది నేనే. పోయినవాళ్ల మంచీ చెడూ వరుసపెట్టి పాడి, చివరి చరణంలో సెలవిచ్చి పంపేస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. బతికున్నవాళ్లకు మాత్రం పాడకూడదు. పాడితే ఏమవుతుందో మా అత్త చెప్పబోయి, ఎందుకో నోరు మూసుకుంది.

ఆ పాడుపని మొన్న ఆకులు రాలే కాలంలో చేశాను, మంచు చిరుతల కోసం.

పై కనుమలో బంగారు గని తవ్వుతామని ఒక కంపెనీ దిగింది. చిరుతలు మిగిలింది అక్కడే. ఆ కొండను అభయారణ్యం చేయమని సర్కారుకు అర్జీల మీద అర్జీలు పెట్టాం. ‘అందినది’ అన్న ముక్క తప్ప జవాబు లేదు. చివరికి ఎర్మెక్ అనే అధికారి రాజధాని నుంచి బయలుదేరాడని తెలిసింది. గనికి అనుమతి కాగితం, అభయారణ్యం కాగితం రెండూ అతని సంచీలోనే ఉన్నాయట. అతను దేనిమీద సంతకం పెడితే అదే జరుగుతుంది.

"అర్జీలంటే చదవడు. చావింటి ముందుకొచ్చి లోపలికి రాకుండా పోతాడా? వాడూ కిర్గిజ్ తల్లికి పుట్టినోడేగా!" అన్నాడు మా ఊరి పెద్ద జోల్దోష్.

అలా చావు లేకుండానే చావు గుడారం వేశాం. ఏడుగురు మగవాళ్లు బయట కర్రల మీద వాలి బావురుమన్నారు. ఎర్మెక్ కారు దిగి, చావింటికి వచ్చే మగవాళ్ల ఆచారం కొద్దీ తనూ ఏడుస్తూనే లోపలికొచ్చాడు. శోకం పాడేవాళ్ల పద్ధతిలో నేను గుడారం గోడకేసి తిరిగి కూర్చున్నాను.

"ఎవరు పోయారు, అపా?" అన్నాడు, అమ్మ వయసు వాళ్లను పిలిచే పిలుపుతో.

"ఇంకా పోలేదు నాయనా. కూర్చో."

పాట ఎత్తుకున్నాను. చిరుత అడుగు పడ్డ మంచును, అది నాకి పెంచిన కూనలను పాడాను. పాడేకొద్దీ బయట ఏడుపు పెరిగింది. సన్నగా, గీరుకుపోయిన గొంతులతో, కొండ వైపు నుంచి కూడా వస్తోంది. జోల్దోష్ గుడారంలోకి తల పెట్టాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బూరుల్చా, మేం ఏడుపు ఎప్పుడో ఆపేశాం" అన్నాడు.

చివరి చరణం ముందు ఆగిపోయాను.

"ముగించు అపా" అన్నాడు ఎర్మెక్.

"ముగించాల్సింది నువ్వు. సగంలో ఆగిన శోకం విన్నవాణ్ణి వదలదని నీకూ తెలుసు. ఆ రెండు కాగితాల్లో ఏదో ఒకదాని మీద సంతకం పెట్టేదాకా నీ వెంటే తిరుగుతుంది."

ఏదో ఒకదాని మీద అన్నాను. అంతటి అధికారిని బెదిరిస్తున్నానన్న పొగరులో నా నోట్లోంచి ఏం ఊడిపడిందో చూసుకోలేదు.

"పెద్దదానివి, నాటకం బాగానే కట్టావు" అని నవ్వి, చాయ్ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

మూడో రోజు ఫోన్ చేశాడు. "అపా, ఆ సన్నగొంతుల ఆడవాళ్లని ఏడుపు ఆపమను. ఆఫీసులో వినిపిస్తోంది, లిఫ్టులో వినిపిస్తోంది."

"ఇక్కడెవరూ ఏడవట్లేదు నాయనా. అందరూ చేలో బంగాళదుంపలు తవ్వుతున్నారు."

"మరి మా పాప కూడా వింది! గోడ అవతల ఎవరు నాన్నా అంటోంది."

లొంగిపోతున్నాడని నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. "సంతకం పెట్టెయ్, అదే పోతుంది" అన్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మళ్లీ అతనే. గొంతు తేటపడింది. "నువ్వు చెప్పినట్టే చేశాను అపా. సంతకం పూర్తవగానే ఆగిపోయింది. ఎంత హాయిగా ఉందో!"

"ఏ కాగితం మీద పెట్టావు?"

"గనిది. పైవాళ్ల ఒత్తిడి సంగతి నీకు తెలియందేముంది. ఏదో ఒకటి అన్నావుగా?"

అతని వెంటపడింది నా పాటే అనుకున్నాను ఇన్నాళ్లూ, నా గొప్ప నేనే చూసుకుంటూ. అతని గోడ అవతల నిలబడి, మమ్మల్ని బతకనివ్వమని రాత్రీ పగలూ అడిగినవి ఆ చిరుతలే. ఇక అడగడానికేమీ మిగల్లేదు, అందుకే ఊరుకున్నాయి.

"అపా, ఉన్నావా? ఏదైనా మాట్లాడు" అంటున్నాడు ఎర్మెక్.

ఏడుద్దామని నోరు తెరిచాను. ముప్పై ఏళ్లు ఊరందరి కోసం ఏడ్చిన గొంతు పెగల్లేదు.