చదునైన నేల మీద లెక్క

వెనక తొట్టి పొట్టిగా ఉన్న తమ షార్ట్ బెడ్ ట్రక్కుకి, ట్రెయిలర్‌ని తగిలించే స్లైడింగ్ హిచ్ అక్కర్లేదని తేల్చింది ధరణే.

కెనడాలో, ఏజాక్స్‌లో వాళ్ళింటి ముందుకి లోపల పడకలున్న పాత ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ వచ్చిన రోజున, వాన్ అనే ఊళ్ళో ఉంటూ పెద్ద లారీలు నడిపే గోపీకృష్ణ వచ్చి చూసి పెదవి విరిచాడు.

"దీని ముక్కు వచ్చి మీ ట్రక్కు బెడ్‌లో కూర్చుంటుంది అక్కా. మీ బెడ్ చూస్తే పొట్టిది. బాగా వంపు తిప్పారనుకోండి, ఆ ముక్కు మూల వచ్చి వెనకద్దానికి కొడుతుంది. స్లైడింగ్ హిచ్ అయితే వంపుకి ముందు లివర్ లాగి, ట్రెయిలర్‌ని ఓ అడుగు వెనక్కి జరుపుకోవచ్చు. పెట్టించుకోండి."

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ధరణి పదహారేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం. టేపు పెట్టి కొలిచింది. కాగితం మీద గీసింది. డెబ్బై అయిదు డిగ్రీలు తిరిగినా జానెడు ఖాళీ మిగులుతుందని చూపించింది. భర్త చక్రధర్ ఆ కాగితం చూడనే లేదు. "నువ్వు చూశావుగా, ఇంకేంటి" అన్నాడు.

ఆ మాటే జూలైలో శుక్రవారం పొద్దున్న బయల్దేరిన దగ్గర్నుంచీ ఆమె బుర్రలో తిరుగుతోంది. ట్రక్కు నడుపుతున్నది తనే. వెనక సీట్లో కుడివైపు అత్తగారు కనకదుర్గ, దిండు వెనకద్దానికి ఆనించి కునుకు తీస్తున్నారు. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలు. ఆగినప్పుడల్లా కాళ్ళు చాపి పడుకోవడానికి వీలుంటుందనే ట్రెయిలర్ కొన్నారు. వాళ్ళు వెళ్తున్న జార్జియన్ బే తీరం ఇంకా గంటన్నర దూరం. రోడ్డు కాస్త వంగినా ధరణి చెవులు వెనక్కే పోతున్నాయి. ఏ చప్పుడూ లేదు. లేకపోతే మాత్రం స్థిమితం ఎక్కడిది?

ఒక చిన్న ఊళ్ళో పెట్రోలుకి ఆగారు. లోపలికి రావడం తేలిగ్గానే అయింది. బయటికి పోయే దారికి మాత్రం నారింజరంగు కోన్లు అడ్డంగా ఉన్నాయి. రోడ్డు తవ్వుతున్నారు. మిగిలింది ఒక్కటే, పంపుల పక్కనుంచి ఎడమకి గట్టిగా తిరిగి, వాలులో రోడ్డు మీదికి దిగడం.

"నేను దిగి చూస్తా, నువ్వు మెల్లగా పోనీ" అని చక్రధర్ దిగాడు.

ధరణి స్టీరింగ్ ఎడమకి తిప్పింది. ట్రక్కు ముందు చక్రాలు వాలులోకి దిగాయి. పక్కద్దంలో చక్రధర్ చెయ్యి రమ్మంటోంది, రమ్మంటోంది. ఉన్నట్టుండి రెండు చేతులూ పైకి లేచాయి.

"ఆపు! ఆపు ధరణీ!"

ఆపి, వెనక్కి తిరిగి చూసింది. అత్తగారి నెరిసిన జుట్టు, దిండు, అద్దం. అద్దం అవతల ఆకాశం కనిపించాల్సిన చోట ట్రెయిలర్ తెల్లటి ఫైబర్ గోడ. నాలుగు వేళ్ళ ఎడం కూడా లేదు. జానెడు ఉండాలి కదా! లెక్క మళ్ళీ మనసులో చేసుకుంది. సరిగ్గానే వచ్చింది. అప్పుడు నిజంగా భయం వేసింది.

గోపీకృష్ణకి ఫోన్ చేసింది. అతను హిచ్ మాట ఎత్తనే లేదు.

"నేల ఎటు వాలుంది అక్కా?"

ఆమె తలుపు తీసి కిందికి చూసింది. తను కొలిచింది ఇంటి ముందు, చదునైన డ్రైవ్‌వేలో. ఇక్కడ ట్రక్కు ఒక వాలులో, ట్రెయిలర్ ఇంకో వాలులో ఉన్నాయి. పైమూల అద్దం మీదికి ఒరిగింది.

"ముందు బండిలో మీరు తప్ప ఎవరూ లేకుండా చూడండి. తర్వాత స్టీరింగ్ ఎలా తిప్పి ఉందో అలాగే ఉంచి, అంగుళం అంగుళం వెనక్కి రండి."

వెనక నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. ఒకతను హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు.

"అమ్మని ఇప్పుడు దింపడమెందుకు? మోకాలు నొప్పెడుతుంది. రెండు నిమిషాల పని కదా" అన్నాడు కిటికీ దగ్గరికొచ్చి విన్న చక్రధర్.

"దింపు చక్రీ."

"నువ్వు అనవసరంగా..."

"అత్తయ్య దిగందే నేను బండి కదపను!" అని అరిచింది ధరణి. పెళ్ళయ్యాక అతని మీద అంత గట్టిగా అరిచింది అదే మొదటిసారి.

కనకదుర్గ గారు ఉలిక్కిపడి లేచారు. కోడలి ముఖం చూసి చెయ్యి చాపారు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఎత్తయిన మెట్టు మీంచి దింపేసరికి ఆవిడ పంటి బిగువున మూలిగారు. హారన్ ఆగలేదు.

ధరణి మళ్ళీ ఎక్కి రివర్స్ వేసింది. దిగేముందు ఇంజన్ ఆపుతూ, పార్కింగ్ అలవాటు కొద్దీ స్టీరింగ్ తిన్నగా తిప్పేసిన సంగతి ఆమెకి గుర్తులేదు. ట్రక్కు వచ్చిన దారిన కాకుండా తిన్నగా వెనక్కి కదిలింది. ఎడం పెరగాల్సింది పోయి తగ్గింది.

పటేల్మని పేలినట్టయింది. మెడ మీద, ఒళ్ళో, డాష్‌బోర్డు మీద గాజు రవ్వలు రాలాయి. బ్రేకు మీద కాలు అలాగే బిగుసుకుపోయింది. తిరిగి చూస్తే అత్తగారు కూర్చున్న చోట సీటంతా గాజు. ట్రెయిలర్ మూల జానెడు లోపలికి చొచ్చుకొచ్చి దిండుని నొక్కిపట్టింది.

చక్రధర్ పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు. "దెబ్బ తగిలిందా? ధరణీ, ఇటు చూడు." ఆమె చూపు ఆ దిండు మీంచి రాలేదు. అతనూ అటు చూశాడు. తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

హారన్ కొట్టినతనే కారు దిగొచ్చి, మిగతా కార్లని వెనక్కి పంపించాడు. ఫోన్‌లో గోపీకృష్ణ చెబుతుంటే స్టీరింగ్ మళ్ళీ ఎడమకి తిప్పి, అంగుళం అంగుళం వెనక్కి వచ్చి, ట్రెయిలర్‌ని విడిపించేసరికి నలభై నిమిషాలు పట్టింది. కనకదుర్గ గారు అంతసేపూ స్టోరు మెట్టు మీద కూర్చునే ఉన్నారు. ధరణి వెళ్ళి పక్కన కూలబడింది.

"నా లెక్క తప్పు అత్తయ్యా. గోపీ ముందే చెప్పాడు. నేనే వినలేదు."

ఆవిడ కోడలి జుట్టులోంచి గాజు రవ్వ ఒకటి జాగ్రత్తగా తీసి కాగితంలో పెట్టారు. "ఇంకా ఉన్నాయి, కదలకు" అన్నారు. ధరణికి అప్పుడు ఏడుపొచ్చింది.

వెనకద్దానికి ప్లాస్టిక్ కవరు అంటించుకుని ఆ సాయంత్రానికి ఇల్లు చేరారు. జార్జియన్ బేకి ఆగస్టులో వెళ్ళారు, స్లైడింగ్ హిచ్ పెట్టించాకే. ఇరుకు వంపు వచ్చినప్పుడల్లా ధరణి బండి ఆపి, ముందు నేల ఎటు వాలిందో దిగి చూసి, ఆ తర్వాతే లివర్ లాగేది. వెనక ఎవరు హారన్ కొట్టినా సరే.