కొండలు ఎడమచెయ్యి

1984 ఏప్రిల్ 8, ఆదివారం. ఆ పొద్దున తిన్నది జొన్నరొట్టెలు, దోసకాయ వేసి వండిన మేకమాంసం. ఖాజా మొహిద్దీన్‌కు తారీఖులు గుర్తుండవు. తన పెళ్లి తారీఖైనా భార్య షంషాద్ చెప్పాల్సిందే. ఈ ఒక్క తారీఖు మాత్రం చెరిగిపోలేదు. మాచర్లలో తన మెకానిక్ షెడ్డు వెనక వసారాలో, లారీ డ్రైవర్ కొండలును పక్కన కూర్చోబెట్టుకుని తిని, అతనికి కారు నేర్పడానికి బయల్దేరిన రోజది.

"ఇంకో రొట్టె వేసుకో కొండలూ," అంది షంషాద్.

"చాలత్తా. కడుపు నిండితే కునుకొస్తది. కునుకొస్తే మామ కొడతాడు. అటు చూడు, వేపబెత్తం కోసుకుని ఉంచాడు."

"ముప్పై నాలుగేళ్లోడివి. బెత్తం నీకెందుకురా?" అన్నాడు ఖాజా. "అది ఈగలకి."

కొండలు నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఒకసారి మొదలైతే త్వరగా ఆగదు. షంషాద్ నీళ్ల చెంబు అతని ముందు పెట్టి, చూడనట్టు లోపలికి వెళ్లిపోయింది.

శ్రీమన్నారాయణ రాళ్ల క్వారీలో కొండలు ఆరేళ్లు క్రషర్ దగ్గర పనిచేశాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందనీ, మళ్లీ ఆ పనిలోకి వెళితే రెండేళ్లు కూడా బతకడనీ గుంటూరు డాక్టరు చెప్పాడు. కాళ్లావేళ్లా పడితే యజమాని లారీ ఇచ్చాడు. ఆ లారీ ఈ మధ్య అమ్ముడైపోయింది. ఇప్పుడు యజమాని మాట ఒకటే: నరసరావుపేట పొగాకు వ్యాపారితో వేసుకున్న పందెంలో కారు తోలితే కొత్త లారీ మీద డ్రైవరు పని కొండలుది, లేదంటే మళ్లీ క్రషర్.

ఆ కారు డ్యామ్ కట్టే రోజుల్లో ఎవరో ఇంజనీరు విజయపురి సౌత్‌లో వదిలేసి పోయిన అమెరికా కారు. పాతికేళ్ల నాటిది, పడవంత పొడుగు, స్టీరింగు మాత్రం మన బళ్లలాగే కుడివైపు. మిలిటరీ వేలంలో కొన్న ఎనిమిది సిలిండర్ల లారీ ఇంజను తెచ్చి, ఏడు నెలలు కష్టపడి దాని ముక్కులో ఇమిడ్చింది ఖాజాయే. పని పూర్తయిన రోజు శ్రీమన్నారాయణ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి ఒక మాటన్నాడు.

"వాడు తోలగలడని నువ్వు నీ నోటితో చెప్పాలి ఖాజా. అప్పుడే కూర్చోబెడతా. మనిషి చస్తే ఆ పాపం నాకొద్దు."

మాట బాగానే ఉంది. కానీ ఆ పాపం తెచ్చి తన నెత్తిన పెట్టాడని ఖాజాకు ఇంటికి వచ్చాక గాని తట్టలేదు. తోలలేడంటే కొండలు దుమ్ములో పోతాడు. తోలగలడంటే రోడ్డు మీద పోవచ్చు.

దుర్గి దాటాక కాలవ పక్కన రోడ్డు తాడు పట్టి గీసినట్టుంటుంది. కాలవకు నీళ్లు ఆపేసి పది రోజులైంది, అడుగున బురద కూడా ఎండి పెచ్చులు లేచింది. ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి వరకు పందెం. రెండో రాయి దాటాక ఆగడానికి అరకిలోమీటరు ఉంది. ఆపైన మలుపు.

మొదటి మూడు రోజులు ఖాజా ఇంజను స్టార్ట్ చెయ్యనివ్వలేదు. కళ్లు మూసుకుని క్లచ్చి, బ్రేకు, గేరు వెతుక్కోమన్నాడు. నాలుగో రోజు స్టార్ట్ చెయ్యగానే కారు ఒళ్లంతా వణికింది. క్లచ్చి వదలగానే వెనకచక్రాలు ఉన్నచోటే తిరిగి పొగలేచి, కారు అడ్డంగా తిరిగి కంపచెట్ల వైపు నిలబడింది.

"చక్రం తిరగటం వేరు, బండి పోవటం వేరురా," అన్నాడు ఖాజా. "నువ్వు తొక్కినంతా ఇది మింగదు. మెల్లగా తాగించు."

"ఏంది మామా ఇది? లారీ ఎద్దయితే ఇది దున్నపోతు."

"దున్నపోతు ఆకలైతే ఆగుతుంది. ఇది ఆగదు. ఆపటమే నేర్చుకోవాలి. పోవటం చచ్చు పని, ఎవుడైనా పోతాడు."

వెనక డిక్కీలో ఇసుక బస్తాలు రెండు వేశారు, కారు నేలకు పట్టుకుంది. రెండో గేరులో కదలడం, స్టీరింగు కోడిపిల్లను పట్టుకున్నంత మెత్తగా పట్టుకోవడం, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు తొక్కడం, అన్నీ కొండలుకు వారంలో వచ్చేశాయి. రానిది ఒక్కటే. రెండో రాయి దాటగానే అతని ఎడమచెయ్యి తనంత తానే వెళ్లి గేరును న్యూట్రల్‌లోకి కొట్టి, తాళం తిప్పి ఇంజను ఆపేసేది.

క్వారీ లారీ డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే అది. పల్లం వస్తే చాలు, న్యూట్రల్ వేసి ఇంజను ఆపి, డీజిల్ మిగుల్చుకుంటూ జారుకుంటూ వస్తారు. లారీకి చెల్లుతుంది. దాని బ్రేకుకు కావాల్సిన గాలి ట్యాంకులో నిలవుంటుంది. ఈ కారు బ్రేకుకు ట్యాంకు లేదు, ఇంజను గాలి పీల్చే ఊపిరే దానికి ఆధారం. ఇంజను ఆగితే ఒకటి రెండు తొక్కులు. ఆపైన పెడలు రాయి.

తొమ్మిదో రోజు అదే జరిగింది. మూడోసారి తొక్కితే బ్రేకు కదల్లేదు. కారు మలుపు దాకా జారిపోయి, రోడ్డు పనికి పోసిన కంకర కుప్పలోకి దూరి ఆగింది. కంకరలో ఒక తొండ తల బయటపెట్టి, వాళ్లను చూసి, మళ్లీ లోపలికి పోయింది.

"అయ్యగారితో చెప్పమాక మామా," అన్నాడు కొండలు. "చెబితే నన్ను చంపినట్టే."

ఖాజా చెప్పలేదు. ఆ రోజు నుంచి వేపబెత్తం పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. రెండో రాయి దాటాక ఆ చెయ్యి కదిలితే చాలు, చురుక్కుమనేది.

"న్యూట్రల్ అనే మాటే మర్చిపో. గేరులోనే ఉంచు, బ్రేకు తొక్కు. చెయ్యి స్టీరింగు మీదే. ఏం జరిగినా సరే! ఆకాశం విరిగి పడినా సరే!"

"చిన్నప్పుడు మా అయ్యవారు కూడా ఇంత కొట్టలేదు గదయ్యా!"

"కొట్టుంటే నా దాకా వచ్చేవాడివి కాదు."

పదమూడో రోజు పదహారుసార్లు తోలాడు. పదహారుసార్లూ ఆ చెయ్యి కదల్లేదు.

ఆ సాయంత్రం కొండలు భార్య పోలమ్మ షెడ్డుకు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"బాబాయ్, ఆయన మాట నాకొద్దు. ఆయన కొండ మీంచి దూకమన్నా దూకుతాడు. నువ్వు చెప్పు. పంపమంటే పంపుతా."

"పంపమ్మా," అన్నాడు ఖాజా. "నేర్చుకున్నాడు." మర్నాడు పొద్దున్నే అదే మాట శ్రీమన్నారాయణకూ చెప్పాడు.

పందెం నాడు తొమ్మిదింటికే ఎండ మాడ్చేస్తోంది. కాలవగట్టు మీద రెండొందల మంది దాకా చేరారు. ఖాజా రెండో రాయి దగ్గర నిలబడ్డాడు. దూరంగా మొదటి రాయి దగ్గర, బయల్దేరమని పట్టుకున్న తువ్వాలు కిందికి పడింది. అమెరికా కారు కొంచెం వెనకబడి, మెల్లగా తాగుతూ, సగం దూరంలో పక్కనున్న పొగాకు వ్యాపారి కారును దాటేసింది. ఒక్క వంకర లేదు. కొండలు రాయి దాటాడు. గట్టు మీద ఈలలు, కేకలు.

ఖాజా చెవి మాత్రం కేకల మీద లేదు. ఇంజను శబ్దం తగ్గాలి. తగ్గలేదు.

యాక్సిలరేటర్‌ను వెనక్కి లాగే స్ప్రింగు తెగింది. కొండలు కాలు తీసినా ఇంజను అలాగే లాగుతోంది. కారు వెనక ఎర్రదీపం వెలిగింది. అంటే బ్రేకు తొక్కాడు. దీపం ఆరింది, మళ్లీ వెలిగింది. ఇంజను అంత గట్టిగా లాగేటప్పుడు కూడా బ్రేకుకు ఊపిరి అందదు. ఇక పెడలు రాయే. మిగిలిన దారి ఒక్కటే. అది కొండలు చేతికి పుట్టుకతో వచ్చినంత బాగా తెలుసు.

"న్యూట్రల్!" అని అరిచాడు ఖాజా. చెప్పులు ఎక్కడ పోయాయో, రోడ్డు మీద పరుగెత్తుతూ అరిచాడు. "న్యూట్రల్ కొట్టరా! కొండలూ, న్యూట్రల్ కొట్టు!"

కారు తిన్నగా పోయింది. నేర్పినట్టే, స్టీరింగు మీద రెండు చేతులతో. మలుపు దగ్గర గట్టు ఎక్కి, గాల్లోకి లేచి కాలవలో పడింది.

నీళ్లుంటే మునిగిపోయేవాడే. విజయపురి సౌత్ నుంచి వస్తున్న బస్సును ఆపితే, కండక్టరు టిక్కెట్టు మాటే ఎత్తకుండా వెనకసీటు ఖాళీ చేయించాడు. ఎవరో ముసలామె, పేరైనా తెలియదు, గుంటూరు దాకా అతని తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది.

కుడికాలు మోకాలి పైకి తీసేశారు. మూడో రోజు సాయంత్రానికి కొండలు కళ్లు తెరిచి మనుషులను గుర్తుపట్టాడు. ఖాజాను చూసి పెదవులు కదిపాడు. ఖాజా వంగి చెవి పెట్టాడు.

"చెయ్యి కదలనియ్యలా మామా. నువ్వు చెప్పినట్టే చేశా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. మెచ్చుకుంటాడేమోనని చూస్తున్నాడు. ఖాజా ఆ ఎడమచేతిని పట్టుకున్నాడు. వేళ్ల మీద బెత్తం తట్లు ఇంకా మానలేదు.

అప్పుడే శ్రీమన్నారాయణ బత్తాయిల సంచితో, వెంట ఒక కానిస్టేబుల్‌తో వచ్చాడు. మంచం వైపు చూడలేక కిటికీలోంచి చూస్తూ మాట్లాడాడు.

"గాభరాపడి డ్రైవర్ తప్పు చేశాడు. అంతే గదా ఖాజా? అదే రాసుకోండి."

ఊ అంటే చాలు. షెడ్డు ఉంటుంది, క్వారీ లారీలన్నీ ఉంటాయి. కొండలుకు మాత్రం చేతగాని డ్రైవరన్న పేరు మిగులుతుంది. క్వారీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం కూడా అడిగే మొహం ఉండదు.

"కాదయ్యా," అన్నాడు ఖాజా. "వాడు తప్పు చెయ్యలా. ఇంజను ఎగబడితే న్యూట్రల్ కొడితే బతుకుతాడు. అది వాడికి వచ్చు. కొట్టి మరీ మరిపించింది నేను. స్ప్రింగు తెగితే ఏం చెయ్యాలో చెప్పనిదీ నేనే. నేర్చుకున్నాడని మీకు మాటిచ్చిందీ నేనే. నా పేరే రాసుకోండి."

"ఏంది నువ్వనేది? రేపట్నుంచి నీ షెడ్డు ముందు నా లారీ ఒక్కటి ఆగదు."

"తెలుసయ్యా. వాడికి గేటు కాడ కుర్చీ ఇయ్యండి. అది మీ బాకీ."

శ్రీమన్నారాయణ బత్తాయిలు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. కానిస్టేబుల్ మాత్రం కాసేపు నిలబడి రాసుకున్నాడు.

పోలమ్మ అప్పటిదాకా గోడకానుకుని కూర్చుని ఉంది. తలెత్తింది.

"ఇంక దుమ్ములోకి పొమ్మనేవోడు లేడులే. ఒంటికాలోడిని ఏ క్రషర్ కాడ నిలబెడతారు?" అంది. తర్వాత, "సాయిబు గారూ, నువ్వు చెప్పబట్టే పంపా," అంది.

బాబాయ్ అనలేదు.

ఎనిమిది గంటల బెల్లు కొట్టారు. ఆయా రాఘవమ్మ వచ్చింది, రాత్రి పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలంది. ఖాజా లేచాడు. కొండలు నిద్రలోనే అతని చొక్కా అంచు పట్టుకుని ఉన్నాడు. విడిపించబోతే వేళ్లు బిగుసుకున్నాయి.

రాఘవమ్మ పోలమ్మ వైపు చూసింది. పోలమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది గాని, పొమ్మనలేదు. కూర్చున్నచోటి నుంచి ఒక జానెడు పక్కకు జరిగింది.

"నాకు చత్వారం. ఒక్కరో ఇద్దరో నాకేం కనపడుద్ది?" అని గొణుక్కుంది రాఘవమ్మ. లైటు ఒకటి ఆర్పి బయటికి నడిచి, కీలు కిర్రుమనకుండా తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా మూసింది.