తెర మీది పొత్తిగుడ్డ

రెండు వాల్వులు తెరిచి, మూడోదానికి ముందు అలవాటుగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది జీవమ్మ. గుట్ట కింద పెద్ద పైపులో నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేగాని ఆమె ఇంకోటి ముట్టుకోదు. కంప్యూటరు తెర మీద గడి పచ్చగా మారితే చాలని చెప్పారు. ఆమెకు చాలదు.

కోడుమూరు దాటాక బోడిగుట్ట మీద ఉంది ఆ పంపుహౌసు. బ్లీచింగ్ పొడి వాసన ఆమె చీరలో, జుట్టులో, చివరికి సద్దిగిన్నెలో కూడా ఉంటుంది. యాభై రెండేళ్ల పొట్టి మనిషి. వేళ్ల కణుపులు ఉబ్బిపోయాయి. కంప్యూటరు పనంతా కుడిచేతి చూపుడువేలిదే. మిగతా వేళ్లు పిలవని చుట్టాల్లా దాని వెనక ముడుచుకుని ఉంటాయి.

ఏడో తరగతిలో బడి మానిపించారు. పదకొండేళ్ల కిందట మొగుడు హనుమన్న పోతే, అతను చేసే పంపుహౌసు పని ఆమెకిచ్చారు. అప్పట్లో వాల్వులు ఇనుప కడ్డీతో తిప్పడమే. ఆరేళ్ల కిందట కంప్యూటరు వచ్చింది. దాన్ని ఈ గదిలో కూర్చునీ నడపొచ్చు, కర్నూలు ఆఫీసులో కూర్చునీ నడపొచ్చు. రెండింటికీ ఒకటే పాస్‌వర్డు. ఇంజనీరు రాఘవేంద్రప్రసాదు దాన్ని చీటీ మీద రాసిచ్చి, మొగునికి కూడా చెప్పొద్దన్నాడు.

"చెప్పేకి మొగుడు యాడుండాడు సార్," అంది జీవమ్మ.

తొమ్మిది అక్షరాలు నోటికి రావడానికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఆ చీటీని సంగటిముద్దలో పెట్టి మింగేసింది. చించితే ముక్కలు ఏరి కలుపుతారేమో, కాలిస్తే సగం మిగులుతుందేమో అని ఆమె భయం. అప్పటినుంచీ రోజూ పొద్దున ఎడమచెయ్యి అడ్డం పెట్టుకునే ఆ అక్షరాలు కొడుతుంది. గదిలో ఉండేదల్లా ఒక బల్లి.

కూతురు స్వర్ణలత తొలి కాన్పుకు పుట్టింటికి రావాల్సింది. ఇరవై రోజులైనా సెలవు కావాలి. సెలవు పెడితే పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పాలి. జీవమ్మ చెప్పలేదు. కాన్పు రాజంపేటలో అత్తగారింట్లోనే జరిగింది. మెత్తబడిన తన పాత నేతచీర చించి నాలుగు పొత్తిగుడ్డలు కుట్టింది. మూడు పార్సిల్లో పంపి, నాలుగోది తానే తీసుకుపోదామని ఉంచుకుంది. పోలేదు. తెరలోంచి అవతలివాళ్లు చూస్తారేమోనని ఎవరో అంటే విని, ఆ గుడ్డను కంప్యూటరు మీద కప్పడం మొదలుపెట్టింది. లేచి అవతలికి వెళ్లిన ప్రతిసారీ కప్పుతుంది.

బేస్తవారం మధ్యాహ్నం ఆమె తొట్టి దగ్గర మట్టం చూస్తుండగా వంక కాలనీ వాల్వు దానంతటదే మూసుకుంది. కొత్త ప్లాట్ల వైపు వాల్వు తెరుచుకుంది. ఆమె చూసేసరికి తొట్టి అడుగంటింది. కాలనీకి రెండు రోజులు చుక్క లేదు. పాస్‌వర్డు సరిగ్గా కొట్టే తెరిచారని కంప్యూటరే చెబుతోందట. ఆఫీసు బయట ఆ పాస్‌వర్డు తెలిసింది ఒక్క జీవమ్మకే.

పెద్ద ఈరన్న ఖాళీ బిందె భుజాన పెట్టుకుని గుట్టెక్కి వచ్చాడు. హనుమన్నతో కలిసి తిరిగినవాడు.

"ప్లాట్లోళ్లు నీకు యాడ ఇల్లు కట్టిస్తాండారమ్మా జీవమ్మా? గృహప్రవేశానికి మమ్మల్నీ పిలుచు," అన్నాడు.

జీవమ్మ తన తాగే కుండలోని నీళ్లు అతని బిందెలో వంచింది.

శనివారం పదకొండు గంటలకు జీపు వచ్చింది. ఇంజనీరుతో పాటు కంప్యూటర్లు బాగుచేసే హిమబిందు అనే అమ్మాయి దిగింది. ఎవరికి చెప్పావో ఇప్పుడు ఒప్పుకుంటే కేసు లేకుండా పనిలోంచి మాత్రమే తీసేస్తామన్నాడు సారు.

"నా నోట్లోనే ఉండాది సార్. బయటికి రాలేదు."

హిమబిందు సంచిలోంచి ఆఫీసు ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏదో తెరిచింది, ఇంకేదో తెరిచింది. జీవమ్మ పోసిచ్చిన మజ్జిగ సగం తాగేలోపే తెర ఆమె వైపు తిప్పింది. పొట్టి వరుసల మధ్య ఆ తొమ్మిది అక్షరాలు ఉన్నాయి. చీటీ మింగాక వాటిని రాసి ఉండగా చూడటం అదే మొదలు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది.

మాటిమాటికీ కొట్టే పనిలేకుండా ఆఫీసులో 'గుర్తుంచుకో' అన్నచోట టిక్కు పెట్టారని చెప్పింది హిమబిందు. ఆ ప్రోగ్రాము పాస్‌వర్డును ఉన్నదున్నట్టు ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటుంది, తాళమూ లేదు, ముసుగూ లేదు. పోయినేడు ఆఫీసువాళ్లు పాత కంప్యూటర్లను లోపలి ఫైళ్లు చెరపకుండానే అమ్మేశారు. కొన్నవాడెవడో ఆ ఫైలు చదివేశాడు.

"ఎన్ని దినాల నుంచి ఉండాది పాపా, అట్ల?"

"మొదటి దినం నుంచే అక్కా."

జీవమ్మ తల ఊపి, గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్లింది.

ఆమె తప్పు లేదని కాగితం మీద రాశాడు సారు. పాస్‌వర్డు మార్చేశాడు. ఇకమీదట అంతా కర్నూలు నుంచే నడుపుతారట. కొత్తది ఆమెకు తెలియనవసరం లేదు, ఊరికే చూసుకుంటూ కూర్చుంటే చాలు.

"ఈసారి యాడ దాస్తారు పాపా?"

హిమబిందు ఇంజనీరు వైపు చూసింది. "అదే ప్రోగ్రాములోనే అక్కా. కొత్తది కొనల్లంటే పైనుంచి ఆర్డరు రావల్ల."

జీపు వెళ్లిపోయింది. గుట్ట కింద పైపులో నీళ్ల చప్పుడు వినపడేదాకా గుమ్మంలో నిలబడింది జీవమ్మ. కాలనీ వైపు నుంచి బిందెల మోత వచ్చింది. అప్పుడు కూతురికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది.

"సెలవిచ్చినారా మా?"

"అడగల్యా."

తెర మీది పొత్తిగుడ్డను మడిచి సంచిలో పెట్టుకుంది. గడప దాటాక గుర్తొచ్చింది, పిల్లోడికి ఇప్పుడు నాలుగేళ్లు. వెనక్కొచ్చి మళ్లీ కప్పింది. తలుపు దగ్గరికి వేసి గుట్ట దిగింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నీళ్లు వేళకే వచ్చాయి కాబట్టి ఎవరూ గుట్టెక్కలేదు. గదిలో, ఉతికి ఉతికి పలుచబడిన ఆ పొత్తిగుడ్డ కింద, తెల్లటి బాణంగుర్తు ఒకటి ఎవరి చెయ్యీ లేకుండా ఒక గడి నుంచి ఇంకో గడికి జరుగుతూ ఉంది.