రిజిస్టరులో లేని తవిటయ్య

పాత ఆసుపత్రి వసారాలో తవిటయ్య రిజిస్టర్లను వరసగా పరిచి, కాగితాలు గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెడుతున్నాడు. నెలకోసారి వాటికి ఎండ చూపించాలి. లేకపోతే మలేసియాలోని ఈ సుంగై సుమున్ తేమకి పురుగు పట్టి, ఈ పామాయిలు తోటలో పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ కలిసి పిండైపోతారు. నలభై ఏళ్లుగా చేస్తున్న పని ఇది. ఈరోజుతో ఆఖరు. సాయంత్రం నాలుగింటికి కౌలాలంపూర్ నుంచి లారీ వస్తుంది, పుస్తకాలన్నీ కంపెనీ గిడ్డంగికి పోతాయి. పై వారం ఈ భవనాన్ని పడగొడతారు.

సన్నటి మనిషి, అరవై ఏడేళ్లు. కాగితాలు తిప్పి తిప్పి కుడి చూపుడువేలి కొన నున్నబడిపోయింది, ఎక్కడా వేలిముద్ర సరిగా పడదు. ఖాకీ చొక్కాకి మెడ దగ్గరి బొత్తం ఎంత ఎండలో కూడా తీయడు. జేబులో ఒక పెన్ను, దాని వెనక ప్లాస్టిక్ తొడుగులో ఎర్ర కార్డు. ఈ దేశంలో ఉండవచ్చు గాని పౌరుడివి కాదని చెప్పే కార్డు అది. తోటలోనే పుట్టినట్టు రుజువు తెస్తే అందరిలాగా నీలం కార్డు ఇస్తామన్నారు. మూడుసార్లు దరఖాస్తు పెట్టాడు, మూడుసార్లూ రుజువు లేక తిరిగొచ్చాడు. అడిగిన వాళ్లందరి పుట్టుకలూ వెతికిపెట్టే తవిటయ్య పుట్టుక ఏ పుస్తకంలోనూ లేదు. గుమాస్తా సుప్పయ్య బతికున్న రోజుల్లో, "నువ్వు పుట్టలేదురా, మొలిచినావు" అని ఆటపట్టించేవాడు. తవిటయ్యా నవ్వేవాడు. ఇంటికెళ్లాక మాత్రం నవ్వొచ్చేది కాదు.

తల్లి నరసమ్మ పేరున పుట్టుకల పుస్తకంలో ఇద్దరు మగపిల్లలున్నారు. చావుల పుస్తకంలోనూ ఆ ఇద్దరూ ఉన్నారు, ఒకడు పదకొండో రోజున, ఒకడు మూడో నెలలో. మూడోవాడు తను. వీణ్ణయినా దక్కించుకోవాలని నరసమ్మ తన వాళ్ల ఆచారం చేసింది. పురుడొచ్చిన రోజే బిడ్డని చేటలో పెట్టి, పక్కింటామెకు గుప్పెడు తవుడుకి అమ్మేసింది. తనది కాని బిడ్డ కోసం చావు తన గుమ్మం తొక్కదని ఆమె నమ్మకం. తవిటయ్య అన్న పేరు అలా వచ్చింది. కొన్నామె అతనికి ఊహ తెలియకముందే తోట విడిచి వెళ్లిపోయింది, ఆమె పేరేమిటో నరసమ్మ ఎన్నడూ నోట పలకలేదు. పెంచింది తనే అయినా 'అమ్మా' అని పిలవనివ్వలేదు, 'అత్తా' అనమంది. దాంతో ఆ మాట అతని నోటికి అలవడలేదు. కాలికి రాయి తగిలితే లోకమంతా 'అమ్మా' అంటుంది, అతను 'అయ్యో' అంటాడు.

పోయేముందు ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా పేరు పక్కన నీ పేరు ఎక్కడా రాయకు. అది ఇంకా ఎతుకుతోంది" అంది. ఏదని అడిగితే కళ్లు మూసుకుంది. జ్వరంలో అన్న మాటలే అని సరిపెట్టుకున్నాడు గాని, తలుచుకున్నప్పుడల్లా ఆ మణికట్టు చల్లబడేది.

పదింటికి వసారా రేకుల మీద గుడ్లగూబ వాలింది. ఎలుకల కోసం పామాయిలు తోటల్లో పెట్టెలు కట్టి మరీ గుడ్లగూబలను పెంచుతారు, వాటికి జడిస్తే ఇక్కడ ఉద్యోగం చేయలేం. అయినా పట్టపగలు, మనిషిని ఇలా చూస్తూ? తవిటయ్య ఒక గులకరాయి విసిరాడు. అది రెక్క కూడా విదల్చలేదు. పొద్దుటి నుంచీ లాగుతున్న ఎడమ భుజాన్ని రుద్దుకుంటూ అతను మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి కారు ఆగింది. ముప్పై ఏళ్ల అమ్మాయి సంచి భుజాన వేసుకుని దిగింది. ఈ దేశపు పిల్లలందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది.

"తాతా, నేను షామిని. క్లాంగ్ నుంచి. మొన్న ఫోన్ సేసినాను కదా లా. నా తెలుగు అంత బాగోదు."

"బాగానే ఉంది పాపా. ఎవల పేరు సూడాల?"

"మా నానమ్మ, కన్నమ్మ. మా వంశం అంతా రాసి పెడుతున్నాను. నాన్న ఇక్కడే పుట్టినాడు, మహేంద్రన్."

అకారాది పట్టిక ఏదీ అక్కర్లేకుండానే తవిటయ్య 1960 పుస్తకం తీసి, సరిగ్గా ఆ పేజీ తెరిచాడు. షామిని మురిసిపోయి ఫోనుతో ఫోటో తీసుకుంది. తర్వాత ఊరికే వెనకటి పుస్తకాలు తిరగేస్తూ ఒకచోట ఆగింది.

"ఇక్కడ కూడా నానమ్మ పేరుంది. 1958, మగబిడ్డ. నానమ్మకి నాన్న ఒక్కడే కదా. ఈ పిల్లోడెవరు తాతా?"

ఆ వరస అతను వందసార్లు చూసి దాటేసినదే. తన కళ్లు ఎప్పుడూ నరసమ్మ కోసమే వెతికాయి. తను పుట్టిన ఏడే అది, ఇంటి నంబరు పదిహేడు. నరసమ్మది పద్దెనిమిది.

"మీ నానమ్మ ఎప్పుడైనా ఏటైనా సెప్పిందా?" అని అడిగాడు.

"తోటలో ఒక పిల్లోణ్ణి తవుడు పెట్టి కొన్నానని సెప్పేది. ఆస్పత్రిలో పుట్టుకలు రాసే డ్రెస్సరుకి కూడా నా బిడ్డే అని సెప్పినాం అనేది. మేం నవ్వేవాళ్లం."

తవిటయ్య నవ్వలేదు. చావుని మోసం చేయబోయి నరసమ్మ సర్కారునే మోసం చేసింది. ఆమె మీద కోపం రావాల్సింది. రాలేదు. ఇద్దరు బిడ్డలను పూడ్చి, మూడోవాణ్ణి పొత్తిళ్లలో పట్టుకుని, వీడు నా బిడ్డ కాదు దొరా అని వణుకుతూ చెప్పిన మనిషి కళ్లకు కట్టి, అతనికి ఏడుపొచ్చింది.

సంగతంతా విన్నాక షామిని అతని చేతులు పట్టుకుంది. "ఇంకేటి తాతా, రుజువు దొరికేసింది! నేను సాక్షి సంతకం పెడతాను. కాగితం మీద మా నానమ్మే నీ అమ్మ. నీలం కార్డు వచ్చేస్తది."

"కొన్నది మీ నానమ్మ. కన్నది నరసమ్మ."

"అది ఎవరికి తెలుస్తది లా?"

"అదే పాపా. ఎవలికీ తెలీకుండా పోద్ది."

షామిని ముందు ఆ పేజీని ఫోనుతో ఫోటో తీసుకుని, దానికి నకలు తీయించి, తాగడానికేమైనా తెస్తానని కారు తీసింది.

మూడు కావస్తోంది. ఇంకో గంటలో ఈ పుస్తకం పోతుంది, ఏ గిడ్డంగిలో ఏ అట్టపెట్టెలో పడుతుందో మళ్లీ చూడలేడు. రేకుల మీద గోళ్లు గీసిన చప్పుడైంది. తవిటయ్య తలెత్తలేదు. రాయకు అన్న మాట చెవిలోనే ఉంది. భయమేసింది, చాలా భయమేసింది. కానీ కార్డు రాకపోతే పోయింది, తను ఎవరి కొడుకో ఒక్కచోటైనా ఉండాలనిపించింది.

పెన్ను తీశాడు. కన్నమ్మ పేరున్న ఆ వరసలో ఖాళీగా ఉన్న చివరి గడిలో, తల్లి దగ్గర నేర్చుకున్న వంకర తెలుగు అక్షరాలతో రాశాడు. 'కన్నతల్లి నరసమ్మ. బిడ్డ తవిటయ్య.' సిరా ఆరేలోగా పేజీ మూతపడకుండా జేబులోని కార్డు తీసి మధ్యలో పెట్టాడు. అప్పుడు భుజంలోని నొప్పి గుండెల్లోకి దిగింది.

"అమ్మా" అన్నాడు.

షామిని వచ్చేసరికి అతను గోడకి చేరగిలబడి ఉన్నాడు, గడ్డం మెడ దగ్గరి బొత్తానికి ఆనుకుంది. నిద్రపోతున్నాడనుకుని, ప్లాస్టిక్ సంచీలో కట్టించి తెచ్చిన టీని తలుపు గొళ్లేనికి తగిలించి, రెండుసార్లు "తాతా" అని పిలిచింది. రేకుల మీద ఏమీ లేదు.

ఆంబులెన్సు వచ్చింది, పోలీసు వచ్చాడు. చావు రాసుకోవాలి, కార్డు కావాలన్నాడు. జేబులో కార్డు లేదు, పెన్ను కూడా లేదు. ఇంట్లో వెతుకుదామని అందరూ అటు వెళ్లారు.

నాలుగింటికి చెప్పినట్టే లారీ వచ్చింది. కూలీలు తెరిచి ఉన్న పుస్తకాలను టపటపా మూసి, గులకరాళ్లను పక్కకు నెట్టి, అట్టపెట్టెల్లో సర్దుకుని వెళ్లిపోయారు. 1958 పుస్తకం అన్నిటికంటే పైన ఉంది, దాని పేజీల మధ్యనుంచి వేలెడంత బయటికి ఎర్ర కార్డు.