మూడు పిలుపుల ఐలయ్య

"ఐలయ్యా" అంది వాకీటాకీ. ఐలయ్య ఈల నోట్లోనే పెట్టుకుని, తెల్లకారును వెనక్కి వెనక్కి రప్పించి గీతల మధ్య నిలబెట్టాడు. "ఐలయ్యా" అంది మళ్లీ. టోపీ సర్దుకున్నాడు. మూడోసారి పిలిచాక తీరిగ్గా మీట నొక్కి, "ఆఁ, చెప్పు సార్" అన్నాడు. పైన గేటు దగ్గర సూపర్‌వైజర్ మహేందర్ పళ్లు నూరుకుంటూ ఉంటాడు. నూరుకోనీ. రాయదుర్గంలో ఆ అద్దాల మేడ కింద, మూడో సెల్లార్ పార్కింగ్‌లో, తొమ్మిదేళ్లుగా ఇదే తంతు. అందుకే అతనికి మూడు పిలుపుల ఐలయ్య అని పేరు పడింది.

ఆ నియమం ఎవరూ పెట్టింది కాదు. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పింది: బతికున్న మనిషి మూడుసార్లు పిలుస్తాడు, పోయినవాళ్లు ఒక్కసారే పిలుస్తారు, పలికామా వెంట తీసుకుపోతారు. ఆవిడ చెప్పింది చీకటి పడ్డాక వచ్చే పిలుపు గురించే. మనవాడు పగటి పిలుపులను కూడా అందులో కలిపేసుకున్నాడు. భయస్థుడు కదా, పాపం.

రెండేళ్ల కింద, మణికొండ కిరాయి గదిలో డ్యూటీకి బూట్ల లేసులు కట్టుకుంటుండగా స్నానాలగదిలోంచి భార్య చంద్రమ్మ "రజిత నాయినా" అని పిలిచింది. కూతురి పేరు పెట్టి అట్లా పిలిచేది లోకంలో ఆమె ఒక్కతే. ఒక్కసారే పిలిచింది. ఐలయ్య మిగతా రెండు పిలుపుల కోసం ఆగాడు. రెండో లేసు కూడా కట్టి, పది నిమిషాలు అట్లాగే కూర్చున్నాడు. తలుపు నెట్టేసరికి ఆమె నేల మీద పడి ఉంది. ప్రాణం పోయింది, పది నిమిషాలు ముందు తేవాల్సిందని దవాఖానలో అన్నారు. చంద్రమ్మ పిలిచిన సంగతి అతను రజితకు కూడా చెప్పలేదు. నియమాన్ని మాత్రం మరింత గట్టిగా పట్టుకున్నాడు. అది తప్పని ఒప్పుకుంటే ఆ పది నిమిషాలూ తన మెడకే చుట్టుకుంటాయి.

పదకొండు దాటింది. కార్ల రాక ఆగిపోయింది. ప్రతి బుధవారం లాగే జనరేటర్‌ను కాసేపు నడిపి చూస్తున్నారు. గోడలు సన్నగా అదురుతున్నాయి. చివరి స్తంభం దగ్గర ట్యూబులైటు ఆరుతూ వెలుగుతోంది. ఐలయ్య స్టూలు మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీశాడు.

"రజిత నాయినా!"

చెయ్యి ఆగిపోయింది. ఆ స్తంభం వైపు నుంచే వచ్చింది, గొంతులో అదే జీర. వాకీటాకీ వైపు చూశాడు. అది పలకలేదు. ఒకటి, అని అలవాటుగా లెక్కపెట్టుకున్నాడు. రెండోది రాలేదు. ఆనాడూ రాలేదు. తీసుకుపోతే తీసుకుపోనీ, ఈసారి మాత్రం ఆగేది లేదనుకున్నాడు.

"ఆఁ, వస్తున్న."

జన్మలో మొదటిసారి, మొదటి పిలుపుకే పలికాడు.

స్తంభం దగ్గర ఎవరూ లేరు. దాని వెనక బకెట్లు, చీపుర్లు పెట్టే గదిలో జనరేటర్ పొగగొట్టం చిట్లిందేమో, తలుపు కిందినుంచి పొగ వస్తోంది. తలుపు బిగుసుకుపోయింది. భుజంతో రెండుసార్లు గుద్దితే తెరుచుకుంది. లోపల హౌస్‌కీపింగ్ మమత పడి ఉంది, రజిత ఈడు పిల్ల. దగ్గుతూ, గోడ తడుముకుంటూ ఆమెను బయటికి లాగి, వాకీటాకీలో మహేందర్‌ను పిలిచాడు. మహేందర్ మొదటి పిలుపుకే పలికాడు.

పైకి తీసుకొచ్చాక గాలి తగిలి మమత కళ్లు తెరిచింది.

"పిలిచింది నువ్వేనా బిడ్డా?" అన్నాడు ఐలయ్య.

"గొంతే లేవలే కాకా. నేనెట్ల పిలుస్త?"

ఐలయ్య మెల్లగా తల ఊపాడు. నువ్వు కూడా అంబులెన్స్ ఎక్కమని మహేందర్ అంటే, నాకేం కాలేదని కొట్టిపారేశాడు. ఛాతీలో ఏదో పట్టేసింది గానీ, రెండేళ్ల తర్వాత మనసు తేలికపడింది. ఇంకా అన్నం తినలేదని కిందికి దిగాడు. స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు.

చంద్రమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి పక్కనుంచే, చిన్నగా. ఐలయ్య లెక్కపెట్టలేదు. వస్తున్న అన్నాడు.

చేతిలోంచి వాకీటాకీ జారి కాళ్ల దగ్గర పడింది. కాసేపటికి అది "ఐలయ్యా" అంది. మమత బాగానే ఉందట, ఆ కబురు చెప్పడానికి మహేందర్ పిలుస్తున్నాడు. ఐలయ్య మూడు పిలుపుల సంగతి తెలిసిందే కాబట్టి మహేందర్ తొందరపడలేదు. రెండోసారి పిలిచాడు, మూడోసారి కూడా పిలిచాడు. నాలుగోసారి పిలిచినప్పుడు, వాకీటాకీ పచ్చదీపం ఊడిపోయిన బూటు లేసు మీద వెలిగి ఆరింది.