కోత పండుగకు తెచ్చిన కోడిపిల్లలు

డాక్టరు చెప్పింది తెలుగులోనే. అయినా శాంతయ్య బుర్రకెక్కలేదంటే దానమ్మ ఏం చేయాలి, తల గోడకేసి కొట్టుకోవాలా?

మూడు వారాల కింద నాచారంలో వాళ్ళింటి పెరట్లో ఇరవై కోడిపిల్లలకు ఒకదాని వెంట ఒకటి కళ్ళు వాచాయి. నురగలాంటి నీళ్ళు కారి రెప్పలు అతుక్కుపోయాయి. చీదుకుంటూ, గురగురమంటూ అన్నీ ఒక మూల ముడుచుకున్నాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ రెండింటిని గంపలో పెట్టుకుని ఉప్పల్‌ పశువుల దవాఖానాకు పోయారు. డాక్టరు నీళ్ళలో కలిపే మందిచ్చి, ఒక మాట రెండుసార్లు చెప్పాడు.

"కండ్లు తెరిచినయని రోగం పోయిందనుకోకుండ్రి. పైకి మంచిగనే కనబడ్తయ్, లోపల ఉంటది. ఒక్క పిల్లను గూడ వేరే కోళ్ళల్ల కలపొద్దు, ఎవ్వరికియ్యొద్దు."

పది పిల్లలు చచ్చాయి. మిగిలినవి కళ్ళు తెరిచి, మేత తిని, మళ్ళీ పెరడంతా తిరగడం మొదలుపెట్టాయి. అసలు తంటా అక్కడే వచ్చింది. శాంతయ్య ఫ్యాక్టరీలో ఫిట్టరు, చర్చిలో సంఘ పెద్ద. పిల్లలు బతికితే కోత పండుగకు ఇచ్చేస్తానని ప్రార్థన కూటంలో అందరి ముందూ మొక్కుకున్నాడు. పండుగ రోజు పంటలో, కోళ్ళలో ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చిస్తారు. వాటిని చర్చి ఆవరణలో వేలం వేస్తారు.

"పిల్లలు వద్దయ్యా, గుమ్మడికాయ పెడ్దాం. బియ్యం పెడ్దాం" అంది దానమ్మ.

"మొక్కింది పిల్లల్ని. గుమ్మడికాయను కాదు."

"రోగమున్నదని డాక్టర్ చెప్పలే?"

"దేవుడు స్వస్థపరిచిండు. ఇంక రోగమున్నదంటే దేవుడు అబద్ధమాడినట్టా?"

"దేవుడు బతికిచ్చిండు, డాక్టరు జాగ్రత్త చెప్పిండు. ఇద్దరూ మంచిగనే ఉన్నరు. నడుమ నీ లొల్లేంది?"

వింటేగా! చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అయింది. నలుగురిలో సాక్ష్యం చెప్పుకోవాలని ఆయన తహతహ. ఆ పిల్లల్ని ఎవరు కొంటారు? కూరకు పనికిరావు, పెంచుకునేవాళ్ళే కొంటారు. కొని తమ కోళ్ళలో వదులుతారు. ఆ తర్వాత వాళ్ళ పెరట్లో ఏమవుతుందో దానమ్మ తన చేతులతో గుంటలు తవ్వి చూసింది.

పండుగ ఆదివారం ఆమె స్నానం చేసి వచ్చేసరికి గంప లేదు, మొగుడూ లేడు. ఒళ్ళు మండిపోయింది. తడి జుట్టు ముడేసుకుని చర్చికి పరుగెత్తింది.

అప్పటికే గంప గుమ్మడికాయల పక్కన కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళల్లా "ఎంత ముద్దుగున్నయో" అంటూ చేతులు పెట్టి నిమురుతున్నారు. శాంతయ్య మైకు పట్టుకుని, చావు దాకా పోయి వచ్చిన పిల్లలని కథ చెప్పి, వేలం పాట మొదలుపెట్టాడు.

"ముప్ఫై" అంది పాపమ్మ. ఆమె విధవరాలు. పాతిక కోళ్ళున్నాయి, నాచారంలో ఇంటింటికీ తిరిగి గుడ్లమ్ముకుని బతుకుతుంది.

అందరూ చూస్తుండగా దానమ్మ మొగుణ్ణి అబద్ధాలకోరని ఎలా అంటుంది? డబ్బుతో పోయేదే అనుకుని "నలభై" అంది.

"సొంత పిల్లల్నే కొంటున్నదేందమ్మా!" అని వెనక ఎవరో నవ్వారు. పాపమ్మ యాభై అంది. దానమ్మ అరవై అంది. పాపమ్మ డెబ్భై దాకా వచ్చి ఆగింది. దానమ్మ ఎనభైకి పాడి, నెల సరుకులకు దాచిన నోట్లు బల్ల మీద పెట్టి, గంప చంకనెత్తుకుంది. హమ్మయ్య, ఇంటికి పోవచ్చు.

శాంతయ్య వచ్చి ఆ గంప లాక్కున్నాడు! భార్యకు ఇంత భక్తి కలిగిందని ఆయన మొహం వెలిగిపోతోంది.

"మా ఇంటామె మళ్ళ దేవునికే ఇస్తున్నది! హల్లెలూయ!"

అలా తిరిగిచ్చి మళ్ళీ పాడించడం అక్కడ ఆనవాయితీయే. అందరూ చప్పట్లు కొట్టారు. పాపమ్మ చెయ్యి ఎత్తింది.

"నలభై!"

ఇక దానమ్మ వల్ల కాలేదు. డబ్బూ పోయె, గంపా పోయె, ఇంకా ఈ మనిషి పరువు కాపాడటమెందుకు?

"ఇయ్య! చస్తే ఇయ్య! ఈ పిల్లలకు అంటురోగమున్నది. ఎవ్వరికియ్యొద్దని డాక్టరు చెప్పిండు. ఈయన చెవులార విన్నడు, విని కూడ తెచ్చిండు!"

మైకు దగ్గరే ఉండటంతో ఆ మాట గేటు బయటికి కూడా వినపడింది. చప్పట్లు ఆగాయి. పిల్లల్ని నిమిరినవాళ్ళు చేతులు కొంగులకు తుడుచుకున్నారు.

పాపమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది.

"దానమ్మా, మరి మొన్న మీ ఆయన నాకిచ్చిన రెండు పిల్లలో?"

మొన్న రెండు పిల్లలు కనపడలేదు. పిల్లి ఎత్తుకుపోయిందనుకుని దానమ్మ పొద్దంతా వీధి పిల్లులను తిట్టిపోసింది. విధవరాలికి సాయం చేశానని ఈయన మురిసిపోయి ఉంటాడు!

"అక్కా, వాటిని యాడ పెట్టినవ్?"

"యాడ పెడ్త? మా కోళ్ళల్లనే ఇడిసిన" అంది పాపమ్మ. "పొద్దుగాల్నుంచి అన్నీ ఒకటే చీదుతున్నయ్."